అయస్కాంతం సాక్ష్యం చెల్లదు

తునిలో స్టీలు గేటు చేయించుకోవడానికి వచ్చే పెద్దమనిషి జేబులో ఒక్కోసారి అయస్కాంతం ముక్క ఉంటుంది. పాత స్పీకరులోంచి ఊడదీసిందో, పిల్లల బొమ్మలోదో. షెడ్డులోకి వస్తూనే దాన్ని పైపుకి ఆనిస్తాడు. అంటుకోకపోతే తృప్తిగా తలాడిస్తాడు. తరవాత అతుకు మీద పెడతాడు. అక్కడ కొద్దిగా లాగినట్టు తెలుస్తుంది. మొహం మారిపోతుంది.

"ఏటండి మేస్త్రిగారూ, అతుకులో ఇనుం రాడ్డు కొట్టేసేరేటి?"

"ఇనుం కాదండి బాబూ, ఎస్సెస్ రాడ్డేనండి. అతుకన్నాక కొంచెం లాగుద్దండి."

పెద్దమనిషి నమ్మడు. చేతిలో సాక్ష్యం ఉండగా మాట నమ్మడమేమిటి? తాండవ నదికి ఇవతల తునిలోనైనా, అవతల పాయకరావుపేటలోనైనా, ఆ మాటకొస్తే స్టీలు పని జరిగే ఏ ఊళ్ళోనైనా ఈ సంభాషణ ఇలాగే నడుస్తుంది. ఇందులో న్యాయం మేస్త్రి వైపు ఉంది. ఎందుకుందో తెలియాలంటే కొంత లోహశాస్త్రం కావాలి, అంతకంటే ఎక్కువగా తర్కశాస్త్రం కావాలి. ఒక సంగతి మనకు తెలిసిందని ఎప్పుడు అనవచ్చు, దేన్ని ఆధారంగా పెట్టుకుని అనవచ్చు అన్నది మన దార్శనికులు వెయ్యేళ్ళకు పైగా తగువులాడుకున్న ప్రశ్న. వెల్డింగు షెడ్డులో అది రోజూ ఎదురవుతుంది, డబ్బుతో సహా.

ముందు లోహం సంగతి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. తుప్పు పట్టకపోవడం దాని చలవే. నికెల్ చేసే పని వేరు. లోపలి పరమాణువుల అమరికను అది ఆస్టెనైట్ అనే రూపంలో నిలబెడుతుంది. ఆస్టెనైట్‌ను అయస్కాంతం లాగదు. ఇంతవరకూ పెద్దమనిషి లెక్క సరిగానే ఉంది.

చిక్కల్లా 202 రకంతో వస్తుంది. నికెల్ ఖరీదైన సరుకు. అందుకని దాన్ని 4–6 శాతానికి తగ్గించి, లోటు పూడ్చడానికి మాంగనీసు 7.5 నుంచి 10 శాతం దాకా కలుపుతారు. ఇదీ ఆస్టెనైటే, దీన్నీ అయస్కాంతం లాగదు. పాలిష్ పెడితే 304 పక్కన నిలబెట్టినా కన్ను పోల్చుకోలేదు. కానీ ఉప్పుగాలి తగిలే ఊళ్ళో తుప్పు మరకలు దీనికి తొందరగా వస్తాయి. తునికి సముద్రం ఎంతో దూరం లేదు. ఇటు చూస్తే 430 రకం అసలైన స్టెయిన్‌లెస్సే, వంటింటి సామాన్లకు వాడేదే. నికెల్ దాదాపు ఉండదు కనక అయస్కాంతం గట్టిగా పట్టేస్తుంది.

మరి అతుకు ఎందుకు లాగింది? 304ను అతికే రాడ్డు 308ఎల్. ఆ రాడ్డు కరిగి గడ్డకట్టిన లోహం పూర్తిగా ఆస్టెనైట్ అయితే చల్లారేటప్పుడు సన్నగా పగులుతుంది. గంధకం, భాస్వరం లాంటి మలినాలు రేణువుల అంచుల్లో పేరుకోవడమే కారణం. ఆ మలినాలను తనలో ఇముడ్చుకోవడానికి కొద్దిపాటి ఫెర్రైట్ మిగిలేలా రాడ్డు తయారుచేసేవాళ్ళు కావాలనే పాళ్ళు కుదురుస్తారు. ఫెర్రైట్‌ను అయస్కాంతం లాగుతుంది. అంటే అతుకు మీద తెలిసే ఆ చిన్న లాగుడు రాడ్డు సరైనదనడానికి ఒక గుర్తు. జేబులోంచి తీసిన అయస్కాంతం నాసిరకం పైపుకి కితాబిచ్చి, మంచి అతుకును దోషిగా నిలబెట్టింది.

అన్నంభట్టు వింటే దీనికి వెంటనే పేరు పెట్టేవాడు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు ఆయన. తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకం రాసి, పిల్లలకు సులువుగా బోధపడటం కోసం రాశానని చెప్పుకున్నాడు. దేశమంతటా తర్కం నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. అందులో చెప్పినట్టు చూస్తే పెద్దమనిషి చేసింది అనుమానం. ఇక్కడ అనుమానమంటే శంక కాదు, ఒక గుర్తును బట్టి కనపడనిదాన్ని తేల్చుకోవడం. "అయస్కాంతం అంటుకోలేదు, కనుక 304." అయితే ఆ గుర్తు 304లోనే ఉండాలి, ఇతరత్రా ఉండకూడదు. 202లోనూ ఉంది. ఇత్తడి చెంబులోనూ ఉంది, అల్యూమినియం గిన్నెలోనూ ఉంది. సాధ్యం, అంటే తేల్చదలచుకున్నది, లేనిచోట కూడా తిరిగే హేతువును, అంటే గుర్తును, తార్కికులు సవ్యభిచారం అంటారు. అది హేతువులా కనిపించేదే తప్ప హేతువు కాదు. ఈ వాదం ఒప్పుకుంటే ఇత్తడి చెంబుని కూడా 304 అని బిల్లు వెయ్యాలి.

సరే, అయస్కాంతం పక్కన పెడదాం. కంటితో చూసి తేల్చుకోలేమా? లోహం రకం విషయంలో ప్రత్యక్షం పనికిరాదు. రాడ్డు విషయంలో కొంత పనికొస్తుంది, అదీ అక్షరాల రూపంలో. స్టెయిన్‌లెస్ రాడ్డు మీద, హోల్డరు పట్టుకునే కొస దగ్గర, పూత మీద సన్నని అక్షరాలు అచ్చేసి ఉంటాయి: ఇ308ఎల్-16. రాడ్డు అవతలి కొస నుంచి కాలుతూ వస్తుంది కనుక ఆ అక్షరాలు చివరిదాకా ఉంటాయి. పని ముగిశాక కింద పారేసిన రెండంగుళాల ముక్కల మీద కూడా చదవచ్చు. గేటు చేయించుకునేవాడికి నిజంగా తనిఖీ చెయ్యాలని ఉంటే అయస్కాంతం మాని ఆ ముక్కలు ఏరుకోవడం మేలు.

ఆ అక్షరాల్లో చాలా సమాచారం ఉంది. 308 అన్నది లోహం పాళ్ళు. ఎల్ అంటే కార్బన్ బాగా తక్కువ, సుమారు 0.04 శాతానికి మించదు. ఈ ఎల్ ఉత్త అలంకారం కాదు. స్టీలు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే కార్బన్ వెళ్ళి క్రోమియాన్ని పట్టుకుని రేణువుల అంచుల్లో కార్బైడుగా కూర్చుంటుంది. ఆ అంచుల్లో పొర కట్టడానికి క్రోమియం మిగలదు. రాడ్డు ఎల్ అయినా పైపులో కార్బన్ ఎక్కువుంటే, అతుకు నిక్షేపంలా ఉండి, దాని పక్కనే అరంగుళం దూరంలో గీత గీసినట్టు తుప్పు మొదలవుతుంది. చివరి 16 పూత రకం. 15 అని ఉంటే డీసీ మిషను తప్పనిసరి. 16 అయితే ఏసీ మీదా మండుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు ఇంకా నడుస్తున్న షెడ్లకు ఇదే దిక్కు. డీసీ మీద కాల్చేటప్పుడు హోల్డరు ప్లస్సుకి తగిలించాలి.

316 రకానికి 316ఎల్ రాడ్డు. అందులోని 2–3 శాతం మాలిబ్డినం ఉప్పును తట్టుకోవడానికి, కనుక రాడ్డులోనూ అది ఉండాలి. స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముకి అతకాలంటే, అంటే స్టీలు రెయిలింగు కాలును ఇనప ప్లేటు మీద నిలబెట్టాలంటే, 309ఎల్. కరిగిన ఇనుము వచ్చి కలిసి పాళ్ళను పలచన చేస్తుందని ముందే ఊహించి అందులో క్రోమియం, నికెల్ ఎక్కువ వేసి ఉంచారు. ఈ చోట 6013 లాంటి ఇనప రాడ్డు వాడితే అతుకు పెళుసెక్కుతుంది, తుప్పూ పడుతుంది. గ్రైండింగు చేసి బఫ్ కొట్టాక ఆ రోజుకి మాత్రం రెండూ ఒకేలా మెరుస్తాయి.

రాడ్డు మంచిదైతే అతుకు మంచిదేనా? ఇక్కడ తార్కికులు మరో మెలిక పెడతారు. పొగ ఉంటే నిప్పుంటుంది, నిజమే. నిప్పుంటే పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనప గుండును చూడండి, నిప్పు నిండుగా ఉంది, పొగ లేదు. నిప్పు పొగను పుట్టించాలంటే తడి కట్టె తగలాలి. ఇలా చాటున ఉండి ఫలితాన్ని నడిపే షరతును ఉపాధి అన్నారు. ఇనప గుండూ, నిప్పూ, పొగా, తడీ అన్నీ ఒకే ఉదాహరణలో కూర్చిన ఆ పూర్వీకులు ఏ కమ్మరి కొలిమి దగ్గరో కాసేపు కూర్చుని ఉంటారని అనుకోబుద్ధేస్తుంది.

"మంచి రాడ్డు కనుక మంచి అతుకు" అనే వాదానికీ ఇలాంటి ఉపాధులున్నాయి. మొదటిది తడే. రాడ్డు పూత గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలంలో, తుఫాను రోజుల్లో, విప్పిన ప్యాకెట్టును షెడ్డులో బల్ల మీద వదిలేస్తే అతుకులో బుడగలు లేచి సూది బెజ్జాలు పడతాయి. అలాంటి రాడ్లను ప్యాకెట్టు మీద రాసిన వేడికి, సాధారణంగా 250 డిగ్రీలూ ఆ పైన, ఓవెన్‌లో గంటో రెండు గంటలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే చాలనుకోవడం ఆత్మవంచన.

రెండోది కరెంటు. స్టెయిన్‌లెస్ తీగకు విద్యుత్ నిరోధం ఎక్కువ. ఇనప రాడ్డుకి అలవాటైన ఆంప్సే పెడితే 3.15 మిల్లీమీటర్ల రాడ్డు సగం కాలేసరికి చేతి దాకా ఎర్రబడి పూత రాలిపోతుంది. ఆంప్స్ తగ్గించి, ఆర్కు పొట్టిగా, రాడ్డు మందానికి మించకుండా పట్టుకుని, అటూ ఇటూ ఊపకుండా సూటిగా లాగాలి. స్టెయిన్‌లెస్‌లో వేడి పాకడం ఇనుముతో పోలిస్తే మూడోవంతే, సాగడం మాత్రం ఒకటిన్నర రెట్లు. వేడి ఉన్నచోటే ఉండిపోయి పలక వంకర తిరుగుతుంది. అందుకని టాకులు దగ్గర దగ్గరగా వేస్తారు. ఒక పొర వేశాక 150 డిగ్రీల కిందికి చల్లారనిచ్చి మరో పొర వేస్తారు. ఇంకో మాట. 16 రకం రాడ్డు స్లాగు చల్లారేటప్పుడు దానంతటదే చిటపటమని ఎగిరిపడుతుంది. మాస్కు పైకెత్తి అతుకు మీదికి వంగి చూసే ఆ క్షణంలోనే ఎగురుతుంది. కళ్ళజోడు తియ్యకూడనిది అప్పుడే.

ఇక్కడ మాత్రం ప్రత్యక్షానికి కొంత గౌరవం దక్కుతుంది. స్లాగు రాలాక అతుకు పక్క రంగు చూస్తే వేడి ఎంత తగిలిందో చదవచ్చు. లేత గడ్డి రంగు, బంగారు రంగు అయితే పరవాలేదు. నీలం తిరిగితే ఎక్కువైంది. బూడిదలా, నల్లగా ఉంటే పై పొర చెడింది, తోమి, రసాయనం పూసి శుభ్రం చేస్తే గాని తుప్పు ఆగదు. అనుభవం ఉన్న మేస్త్రి కన్ను రంగును ఇట్టే పట్టేస్తుంది. అనుభవం లేని కంటికి అదే నీలం నెమలికంఠంలా ముచ్చటేస్తుంది.

లోహం రకం సంగతి ఇంకా తేలలేదు. అది దుకాణదారు మాట. తర్కంలో ప్రమాణమంటే తెలుసుకోవడానికి సాధనం. మాట ద్వారా తెలుసుకోవడాన్ని శబ్ద ప్రమాణం అంటారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు ఆప్తుడు, ఆయన మాట ప్రమాణం. హార్డ్‌వేర్ దుకాణంలో ఆప్తుడెవరు?

తునికి నైరుతిగా, రైల్లో కాసేపటి ప్రయాణంలో అన్నవరం ఉంది. రత్నగిరి మీద 1891లో వెలసిన ఆ క్షేత్రంలో రోజూ సత్యనారాయణ వ్రతాలు జరుగుతాయి. వ్రతకథలో ఒక వర్తకుడున్నాడు. పడవ నిండా ధనంతో వస్తుంటే సన్యాసి వేషంలో స్వామి ఎదురై, ఇందులో ఏముందని అడుగుతాడు. ఆకులూ తీగలే అంటాడు వర్తకుడు వేళాకోళంగా. అలాగే అగుగాక అంటాడు స్వామి. చూసుకునేసరికి పడవలో ఆకులూ తీగలే ఉంటాయి. సరుకు గురించి వర్తకుడు చెప్పిన అబద్ధానికి ఆ కథ వేసిన శిక్ష విచిత్రమైనది: సరుకే మాటకు తగ్గట్టు మారిపోయింది. బజారులో ఈ మహిమ పనిచెయ్యదు. 202ను 304 అని ఎన్నిసార్లు అన్నా అది 304 కాదు. శిక్ష రెండు వానలు పడ్డాక కొన్నవాడికి పడుతుంది, అమ్మినవాడికి కాదు.

శబ్దాన్ని నమ్మడం మీద పాత తగువు ఒకటుంది. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు ప్రమాణాలు రెండే అన్నాడు, ప్రత్యక్షమూ అనుమానమూ. మాటకు విడిగా పీట వెయ్యనక్కర్లేదు, చెప్పినవాడి నడవడి చూసి నమ్ముతున్నావు గనుక అదీ అనుమానమే అన్నది ఆ వాదం. ఈయనకూ ఈ నేలకూ చుట్టరికం ఉంది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్, వేంగి నగరానికి దగ్గర్లో ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రాశాడని చెప్పాడు. వేంగి అంటే ఏలూరు పక్కనున్న నేటి పెదవేగి. న్యాయదర్శనం పాటించే నైయాయికులు దిఙ్నాగుడి మాట ఒప్పుకోలేదు. అన్నంభట్టు లెక్కలో ప్రమాణాలు నాలుగు, శబ్దం అందులో స్వతంత్రమైనది.

వెల్డింగు షెడ్డు ఈ తగువును సగం సగం తీరుస్తుంది. మేస్త్రి దిఙ్నాగుడి పక్షం. ఏళ్ళ తరబడి ఒకే దుకాణంలో కొని, ఏ పైపు ఎన్ని వానలకు మరక పడిందో చూసి, ఆ లెక్క మీద నమ్ముతాడు లేదా మానేస్తాడు. గట్టి పని వస్తే మిల్లు సర్టిఫికెట్టు అడుగుతాడు, హీట్ నంబరు సరిచూస్తాడు, లేదా చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే రంగు మారే పరీక్ష మందు వాడతాడు. గేటు చేయించుకునేవాడికి అలాంటి చరిత్ర లేదు. అతను జీవితంలో కట్టేది ఒక ఇల్లు, చేయించేది ఒక గేటు. అనుమానం చెయ్యడానికి ముందు ఉదాహరణలే లేవు. అతనికి మిగిలింది మేస్త్రి మాట ఒక్కటే. అతని దగ్గర శబ్దం స్వతంత్ర ప్రమాణమే, వేరే గతి లేక. ఆ భారం మేస్త్రి మీద పడుతుంది. దసరాకు మిషనుకి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసే ఆచారాన్ని ఎవరూ తప్పరు. రాడ్డు అక్షరాలు కొనేవాడికి ఒకసారి చూపించడం మాత్రం ఆచారంలో ఇంకా చేరలేదు.

మీమాంసకులు అర్థాపత్తి అని మరో ప్రమాణాన్ని చేర్చారు. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు, కనుక రాత్రి తింటున్నాడన్నమాట. స్టీలు పనిలో దీని వాడకం విపరీతం. పైపు శుభ్రంగా ఉంది, అతుకు వెంట తుప్పు పట్టింది, కనుక మేస్త్రి ఎవరూ చూడనప్పుడు ఇనప రాడ్డు కొట్టాడన్నమాట. కావచ్చు. కాకపోనూ వచ్చు. ఇనుము మీద వాడిన గ్రైండింగు రాయినే స్టీలు మీద పెడితే ఇనప రజను అంటుకుని తుప్పు పడుతుంది. ఇనప తీగల బ్రష్షుతో తోమినా అంతే. ఆ పక్కనే ఇనుము కోస్తుంటే ఎగిరిన నిప్పురవ్వలు చాలు. స్టీలుకి వేరే బ్రష్షు, వేరే రాయి, వేరే బల్ల పెట్టుకునే షెడ్లను చూసి పక్కవాళ్ళు మడి అని ఎగతాళి చేస్తుంటారు. ఈ మడికి కారణం చూపించవచ్చు, పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు కూడా. మనుషుల మడికి ఈ రెండూ అడిగితే కోపాలొస్తాయి. దేవదత్తుడి కథలో రాత్రి భోజనం తప్ప మరో దారి లేదు కనక వాదం నిలిచింది. అతుకు తుప్పుకి దారులు నాలుగైదున్నాయి.

రకం ఎంతకీ తేలకపోతే? పాత ట్యాంకు, బిల్లు లేదు, అతికి తీరాలి. మోడువారిన చెట్టా, మనిషా అని చీకట్లో తడబడటం సంశయానికి శాస్త్రాల్లో వాడే ఉదాహరణ. న్యాయదర్శనం సంశయాన్ని తప్పుగా చూడదు, తాను చర్చించే పదహారు పదార్థాల్లో ఒకటిగా లెక్కవేస్తుంది. రాడ్లు చేసేవాళ్ళూ అలాగే ఒక చోటిచ్చారు. 309ఎల్, ఇంకా మొండి లోహాలకు 312, తెలియని స్టీలు కోసం పెట్టుకునే రాడ్లు. ధర ఎక్కువే. తెలియదని ఒప్పుకోవడానికి అయ్యే ఖర్చు అది, తెలుసునని నటించడానికి అయ్యే ఖర్చు కంటే తక్కువ.

చివరిగా పొగ. తార్కికుడికి అది కొండ మీద నిప్పును పట్టించే గుర్తు. వెల్డరుకి ఊపిరి. గీత 18వ అధ్యాయం 48వ శ్లోకంలో నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో దోషం కమ్ముకునే ఉంటుందని, అందుకని సహజమైన పనిని వదలవద్దని ఉంది. స్టెయిన్‌లెస్ రాడ్డు పొగ దగ్గర ఆ ఉపమానం ఉపమానంగా మిగలదు. పూతలోని పొటాషియం, సోడియం వల్ల క్రోమియంలో కొంత షట్‌సంయోజక రూపంలోకి మారి పొగలో చేరుతుంది. అది క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఏనాడో తేల్చింది, 2017లో వెల్డింగు పొగలన్నిటినీ అదే మొదటి వర్గంలో చేర్చింది. పనిని వదలవద్దంటే దోషాన్ని దిద్దవద్దని కాదు గదా. తలుపులు తెరిచి, గాలి ముఖం మీది నుంచి పక్కకు పోయేలా కూర్చోవడం, పొగ పుట్టినచోటే లాగేసే గొట్టం పెట్టడం, సరైన ఫిల్టరు మాస్కు వాడటం చెయ్యగలిగిన పనులే. మొహానికి కట్టిన తువ్వాలు ఆ పొగను ఆపదు. నల్ల అద్దం వెలుగును ఆపుతుంది, పొగను కాదు.

దీని హాని కంటికి కనపడదు, ఆ రోజు తెలియదు. మళ్ళీ మిగిలేది శబ్దమే. ఆ హెచ్చరిక రాడ్ల ప్యాకెట్టు మీద ఉంటుంది, సన్నని అక్షరాల్లో, ఇంగ్లీషులో. మాట ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడైతే చాలదు, విన్నవాడికి అర్థం కలగాలి, దాన్ని శాబ్దబోధ అంటారు. తెలుగు మాత్రమే చదవగలిగిన కుర్రాడు రోజూ అదే ప్యాకెట్టు చింపి, అట్ట పక్కన పారేసి, రాడ్డు హోల్డరుకి తగిలిస్తున్నాడు. అయస్కాంతం పట్టుకొచ్చిన పెద్దమనిషికి ఇంగ్లీషు చదవడం వచ్చి ఉంటుంది. ఆ అట్ట తీసి కుర్రాడికి తెలుగులో చదివి వినిపించడానికి రెండు నిమిషాలు చాలు.